పిట్ట కడుపులో పురుగు, కాగితం మీద పేరు

తమ్ముడూ, చెల్లీ! పిట్ట కడుపు కోసి పురుగులు లెక్కపెడితే పీహెచ్‌డీ వస్తుంది, తెలుసా? నవ్వకండి, మంచి పనే అది.

స్కాట్లాండ్, ఉత్తర ఇంగ్లండ్ కొండల మీద రెడ్ గ్రౌజ్ అనే పిట్ట ఉంది. ఏటా ఆగస్టు 12 నుంచి డబ్బున్నోళ్లు దాన్ని తుపాకులతో కాలుస్తారు. తిండికి కాదు, సరదాకి. కొన్నేళ్లకోసారి ఆ పిట్టలు కుప్పలుగా రాలిపోయేవి. కాల్చడానికి పిట్ట లేకపోతే దొరలకు ఎంత కష్టం! వెంటనే లార్డ్ లోవట్ అధ్యక్షుడిగా కమిటీ. ఎడ్వర్డ్ విల్సన్ అనే డాక్టరు (తర్వాత కెప్టెన్ స్కాట్‌తో దక్షిణ ధ్రువానికి పోయి మంచులో చనిపోయినాయన) రెండు వేల దాకా పిట్టల్ని కోసి చూశాడు. 1911లో రిపోర్టు వచ్చింది: పేగులో ఉండే వెంట్రుకలాంటి పురుగే కారణం. 1998లో హడ్సన్, డాబ్సన్, న్యూబోర్న్ పిట్టల్ని పట్టి పురుగుల మందు తాగించారు. మందు పడినచోట ఆ చావులు బాగా తగ్గాయి. ఇప్పుడక్కడ మందు పూసిన గులకరాళ్లే కొండల మీద పెడుతున్నారు. అరుగుదలకు పిట్ట రాళ్లు మింగుతుంది కదా, మనింటి కోడిలాగే.

మరి మన గూడేల్లో కొక్కెర తెగులొచ్చి కోళ్లన్నీ ఊడ్చుకుపోతే ఏ లార్డు కమిటీ వేస్తాడు?

1972 చట్టం ప్రకారం కౌజుకి ఉచ్చు వేస్తే కేసు. అదే చట్టం 12వ సెక్షన్ కింద పరిశోధన అంటే పర్మిట్ దొరుకుతుంది. వేట హక్కు అడగట్లేదు నేను. అటవీ హక్కుల చట్టం కూడా వేటను పక్కన పెట్టేసింది. కానీ అదే 2006 చట్టం 3(1)(కె)లో జీవవైవిధ్యం మీద మన సంప్రదాయ జ్ఞానానికి సామూహిక హక్కు రాసి ఉంది. అది ఎంతమంది చదివాం?

సీసాలు, కెమెరా పట్టుకుని ఎవరో వస్తారు. అడవికోడి ఎక్కడ నీళ్లు తాగుతుందో, ఏ కార్తెలో చిక్కిపోతుందో తాతే చూపిస్తాడు. థీసిస్‌లో తాత 'స్థానిక సమాచారదాత' అయిపోతాడు. విల్సన్ పేరు వందేళ్లయినా నిలిచింది. తాతకి పేరే లేదు.

ఈసారి ఎవరొచ్చినా ముందు గ్రామసభ రిజిస్టర్‌లో రాయించండి: ఏం తీసుకెళ్తున్నారు, ఎవరు చెప్పారు, కాపీ ఎప్పుడిస్తారు. జువాలజీ చదివేవాళ్లు ఈ అంశం మీరే తీసుకోండి. పిట్టను చంపక్కర్లేదు, రెట్టలోని పురుగు గుడ్లు మైక్రోస్కోపులో కనిపిస్తాయి. గైడ్ వద్దంటే మళ్లీ అడగండి. తాత పేరు మాత్రం రచయితల వరుసలో పెట్టండి, కృతజ్ఞతల పేజీలో కాదు.