గొంతుకు మార్కులా, ఇంటికి మార్కులా?

టెలివిజన్ పాటల పోటీ తెలుగువారి ఇళ్ళలో ఒక నమ్మకాన్ని స్థిరపరచింది. గొంతు ఉంటే చాలు, ఎవరైనా ఎక్కడినుంచైనా వచ్చి ఆ వేదిక ఎక్కవచ్చునన్నది ఆ నమ్మకం. 1996లో ఈటీవీలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నిర్వహణలో మొదలైన ‘పాడుతా తీయగా’ నుంచి 2022లో ఆహాలో వచ్చిన ‘తెలుగు ఇండియన్ ఐడల్’ దాకా ఈ నమ్మకమే ప్రేక్షకుణ్ణి తెర ముందు కూర్చోబెడుతోంది. దాచేపల్లి ప్రాంతంలో పగలంతా మిరప చేలో కాయ కోసి వచ్చిన తల్లి కూడా రాత్రి పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఎవరు నిలుస్తారో, ఎవరు ఇంటికి వెళ్తారోనని ఆత్రంగా చూస్తుంది. ఈ ఆసక్తిని చులకన చేయనక్కరలేదు. భూమికి, సీటుకు, కొలువుకు ఉన్న అడ్డుగోడలు పాటకు లేవని అనిపించే చోటు అది. సరిగ్గా అందుకే ఆ చోటును నిశితంగా పరీక్షించవలసి ఉంది.

ముందుగా ఈ నేల సంగతి చెప్పుకోవాలి. పల్నాడు పాటకు పేదది కాదు. దాచేపల్లికి ఎంతో దూరంలో లేని కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు వీరుల ఉత్సవం మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ అయిదు రోజులు సాగే ఆ ఉత్సవానికి ప్రాణం పాట. బ్రహ్మనాయుడి చాపకూడును, సేనాని అయిన మాల కన్నమదాసు పరాక్రమాన్ని, బాలచంద్రుడి మరణాన్ని తరతరాలుగా పాడుతున్నవారు మాల కులానికి చెందిన గాయకులు. వారిని ‘విద్యావంతులు’ అంటారు. శ్రీనాథుడి కావ్యం పుస్తకాల్లో ఉంటే, వీరి కథ గొంతుల్లో ఉంది. అమెరికన్ పరిశోధకుడు జీన్ రోఘేర్ 1970లలో పల్నాడుకు వచ్చి, అలిశెట్టి గాలెయ్య అనే విద్యావంతుడు పాడిన కథను రికార్డు చేసుకుని, దానిమీద చేసిన అధ్యయనాన్ని 1982లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా వెలువరించారు. రాత్రుల తరబడి కథను నడిపించగల జ్ఞాపకశక్తి, శ్వాస మీద పట్టు, వచనం నుంచి పాటలోకి, పాట నుంచి వచనంలోకి జారే నేర్పు, ఎదుటనున్న జనాన్ని ఏడిపించి, వెంటనే ఉద్రేకపరచే శక్తి వీరి చదువులో భాగాలు. ఈ చదువు ఉన్న ఇంటి బిడ్డ టెలివిజన్ ఆడిషన్‌కు వెళ్తే న్యాయనిర్ణేతలు దేనికి మార్కులు వేస్తారు?

శ్రుతి, లయ, సంగతులు, ఉచ్చారణ, భావం. పోటీ చూసేవారందరికీ కంఠతా వచ్చిన కొలమానాలివి. మొదటి చూపుకు వీటిలో కులం కనిపించదు. కొంచెం ఆగి చూస్తే కనిపిస్తుంది. సంగతి, గమకం అనేవి ఒక నిర్ణీత సంగీత పద్ధతిలో చిన్ననాటి నుంచి సాధన చేసినవారికి వచ్చే అలంకారాలు. ఉచ్చారణ అంటే ఆచరణలో మహాప్రాణాక్షరాలను వత్తి పలకడం, శ, ష, స ల భేదం పాటించడం. అచ్చ తెలుగు మాటల్లో వత్తులు దాదాపు లేవు. అవి ప్రధానంగా సంస్కృత పదాలతో పాటు మన భాషలోకి వచ్చాయి. ఆ పదాలు నిత్యం వినబడే ఇంట్లో పుట్టిన పిల్లకు ‘భాష’ అనడం ఊపిరి పీల్చినంత సహజం. తల్లీతండ్రీ ‘బాస’ అనే ఇంట్లో పుట్టిన పిల్లకు అది విడిగా నేర్చుకోవలసిన పని. ఒకరికి ఇల్లు ఇచ్చిన దానికి, మరొకరు కష్టపడి సంపాదించుకోవలసిన దానికి ఒకే తక్కెడలో మార్కులు పడుతున్నాయి.

సంస్కృత పదభూయిష్ఠమైన పాటను శుద్ధంగా పలకమనడం తప్పని ఎవరూ అనరు. గుర్రం జాషువా పద్యం చదివినవారెవరూ ఆ మాట అనలేరు. అభ్యంతరం ఆ నియమం మీద కాదు, అది ఒకవైపే పనిచేయడం మీద. కీర్తన ఛాయలున్న పాటలో ఒక వత్తు జారితే వెంటనే సవరణ వస్తుంది, మార్కు తగ్గుతుంది. జానపదం పాడిన గాయని పల్లె యాసను పట్టణపు నాలుకతో అరగదీసినా, నాట్లు వేసే చేతి ఊపు నుంచి పుట్టిన లయను గమకాలతో నునుపు చేసినా ‘మంచి ప్రయత్నం’ అన్న మెప్పే దక్కుతుంది. ఒక సంప్రదాయంలో చేసినది తప్పవుతుంది, మరొక సంప్రదాయంలో చేసినది తప్పని గుర్తించే చెవి కూడా ఆ కుర్చీలో ఉండదు. గిడుగు రామమూర్తి పోరాటంతో వాడుక మాట బడిలోకి, పత్రికలోకి వచ్చి తరాలు గడిచాయి. పాటల పోటీ వేదిక మీద దానికి ఇంకా ఒక ప్రత్యేక రౌండు మాత్రమే ఉంది. ఆ రౌండులో పోటీదారులు గళ్ళ పంచె, తలపాగా, ఎర్రచీర ధరించి వస్తారు. మరుసటి వారం ఆ వేషం తీసేస్తారు. జానపదానికే ప్రత్యేకించిన ‘రేలా రె రేలా’ వంటి కార్యక్రమం మాటీవీలో వచ్చినప్పుడు, గోరటి వెంకన్న, సుద్దాల అశోక్‌తేజ వంటివారు న్యాయనిర్ణేతలుగా కూర్చున్నప్పుడు ఈ పాటకు దాని సొంత ప్రమాణాలు ఉన్నాయని ప్రేక్షకుడికి తెలిసివచ్చింది. అంటే చెవి మారితే తీర్పు మారుతుందన్నమాట.

‘ప్రతిభ ఉంటే పేదరికం అడ్డుకాదు’ అన్న మాటకు నిదర్శనంగా ఘంటసాల జీవితాన్ని చెప్పడం మనకు అలవాటు. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకోవడానికి వెళ్ళిన ఆ బాలుడికి పట్రాయని సీతారామశాస్త్రి ఆశ్రయమిచ్చి విద్య నేర్పారు. ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తుకుని అతను కడుపు నింపుకున్నాడు. ఆ పేదరికం నిజం, ఆ పట్టుదల నిజం, ఆ గురువు ఔదార్యం నిజం. కాని మధుకరం అన్న ఆచారంలో జోలెపట్టిన బాలుడికి తలుపు తెరుచుకునేది అతని కులాన్ని బట్టి. అవే రోజుల్లో, అంతే ఆకలితో, అటువంటి గొంతుతో ఒక మాదిగ బాలుడు ఆ వీధిలో నిలబడి ఉంటే ఎవరైనా జాలిపడి అన్నం పెట్టి ఉండేవారేమో. గురువు ఇంటి లోపల చాప పరిచి ఉండేవారా? బాలసుబ్రహ్మణ్యం తాను శాస్త్రీయ సంగీతం క్రమపద్ధతిలో నేర్వలేదని వినయంగా చెప్పుకునేవారు. ఆయన తండ్రి సాంబమూర్తి హరికథా విద్వాంసుడు. బడికి పోని బిడ్డకు ఇల్లే బడి అయింది. ఇది ఆయన ప్రతిభను తగ్గించే మాట కాదు. ప్రతిభ మొలకెత్తడానికి నేల ఎటువంటిదో చెప్పే మాట.

ఇదే పల్నాడులో వినుకొండలో 1895లో పుట్టిన జాషువాకు దక్కిన నేల వేరు. సొంత ఊరిలో జరిగిన సభలో పద్యాలు చదివినందుకు, తక్కువ కులంవాడిని సభలోకి ఎందుకు రానిచ్చారన్న ప్రశ్న ఆయన వినవలసి వచ్చింది. ఆయన శ్మశానవాటి పద్యాలు లేకుండా ఆ తరవాత హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను రక్తికట్టని రోజు వచ్చింది. ఊరూరా అదే పద్యాలకు వన్స్‌మోర్‌లు పడ్డాయి. పద్యం సభలోకి వచ్చినంత తేలికగా పద్యం రాసినవాడు రాలేకపోయాడు. పేదరికం, కులం ఒకటి కావన్నది ఘంటసాల, జాషువా జీవితాలను పక్కపక్కన పెట్టి చూస్తే తేటతెల్లమవుతుంది.

టెలివిజన్‌కు ఈ తేడా తెలియదనుకోలేం. పోటీదారుని గురించి వేసే పరిచయ చిత్రంలో ఆటో నడిపే తండ్రి, కుట్టుమిషను తొక్కే తల్లి, రేకుల ఇల్లు, వెనుక వేణువు వినిపిస్తాయి. పేదరికం కన్నీటికి పనికివస్తుంది. కులం మాత్రం ఆ చిత్రంలోకి రాదు. ఒక ఉదాహరణ చూద్దాం. గుంటూరు, ప్రకాశం జిల్లాల దళితవాడల్లో చాలామంది పిల్లలకు సంగీత పాఠశాల చర్చే. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హెయ్యర్ కొన్నేళ్ళకు గురజాల దాకా వచ్చి పనిచేశారు. ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు మిషను 1878 జూలైలో ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది. అప్పటినుంచి ఆదివారం ఆరాధనలో హార్మోనియం, తబలా, ఇటీవల కీబోర్డు ఈ వాడల పిల్లల చేతికి వచ్చాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తన తలమీద రాగం, తాళం పేర్లు అచ్చయి ఉంటాయి. గుడి మండపంలో దొరకని స్వరజ్ఞానం ఆ పుస్తకం ద్వారా దొరికింది. కాని షెడ్యూల్డ్ కులాల గుర్తింపును హిందువులకు, తరవాతి సవరణలతో సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే పరిమితం చేసిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఇంకా అమలులో ఉంది. కులధ్రువీకరణ పత్రం మీద చదువు, ఉపకారవేతనం ఆధారపడిన పిల్లవాడు లక్షలమంది చూసే తెరమీద ‘నాకు పాట నేర్పింది మా పాస్టరుగారు’ అనడానికి ముందు పది విధాల ఆలోచించుకోవాలి. పక్క కుర్చీలోని పోటీదారు తన గురుపరంపరను గర్వంగా చెప్పుకుంటుంటే, ఇతను ‘ఎక్కడా నేర్చుకోలేదు సార్, విని పాడతాను’ అంటాడు. న్యాయనిర్ణేత దానిని దేవుడిచ్చిన వరమంటాడు. గురువు ఉండి కూడా గురువు పేరు చెప్పుకోలేని పిల్లవాడి దుఃఖం ఆ చప్పట్లలో కలిసిపోతుంది.

సంగీతానికి కులం లేదని, కింది కులాల నుంచి, మైనారిటీల నుంచి మహావిద్వాంసులు రాలేదా అని కొందరు అడుగుతారు. వచ్చారు. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా నాదస్వరంతో శ్రీరంగంలో స్థిరపడి 1998లో సంగీత కళానిధి అయ్యారు. పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టిన షేక్ నాజర్ బుర్రకథను ఉద్యమ గళంగా మార్చి పద్మశ్రీ పొందారు. అయితే చిన మౌలానా తరతరాల నాదస్వర కుటుంబంలో పుట్టినవారు. దేవాలయానికి ఆ వాద్యం అవసరం కనుక ఆ పరంపరకు గుర్తింపు ఉంది. నాజర్‌ను గుర్తించింది జనం, ప్రజానాట్యమండలి. నాజర్ వంటి గాయకుడు ఇవాళ ఆడిషన్‌కు వస్తే ఏ రౌండులో పాడిస్తారన్నది అడగవలసిన ప్రశ్న. మృదంగాన్ని తయారుచేసే దళిత క్రైస్తవ కుటుంబాల చరిత్రను టి.ఎం. కృష్ణ 2020లో ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అన్న పుస్తకంగా రాసినప్పుడు కచేరీ రసికులు చాలామంది ఉలిక్కిపడ్డారు. చర్మం శుభ్రం చేసి బిగించిన చేతులు వేదిక వెనుక, ఆ చర్మంపై వాయించే చేతులు వేదిక మీద. ఈ అమరిక ఒక్క మృదంగానికే పరిమితమని అనుకోగలమా?

ప్రేక్షకుల పాత్ర కూడా నిర్దోషమైనదేమీ కాదు. 2016లో పి.వి. సింధు ఒలింపిక్ పతకం గెలిచిన రోజున తెలుగు రాష్ట్రాల్లో ఎందరో గూగుల్‌లో వెతికింది ఆమె కులమేమిటని. ఓటు చేతికిచ్చి విజేతను ఎన్నుకోమనే పోటీల్లో అదే ప్రేక్షకులు గొంతు ఒక్కటే విని ఓటు వేస్తారని నమ్మడం కష్టం.

చప్పట్లు ఎంతవరకు ఆదుకుంటాయో కూడా ఇటీవలే చూశాం. కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్య 2022లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో ఆయన హైదరాబాద్‌లో కూలిపని చేస్తున్న దృశ్యాలు బయటికి వచ్చాయి. ‘బలగం’ చిత్రం చివర పాడి తెలుగు లోకాన్ని ఏడిపించిన బుడగజంగాల గాయకుడు పస్తం మొగిలయ్య మూత్రపిండాల జబ్బుతో పోరాడి అదే ఏడాది డిసెంబరులో కన్నుమూశారు. ఇద్దరినీ మనం మెచ్చుకున్నాం. వారి విద్యను విద్యగా లెక్కించి, నేర్పే ఉద్యోగం ఇచ్చి, తరవాతి తరాన్ని వారి ముందు కూర్చోబెట్టే పని మాత్రం చేయలేదు. మన రాష్ట్రం డప్పు కళాకారులకు పింఛను ఇస్తోంది. అది అవసరమే. కాని పింఛను అలసిన చేతికి ఇచ్చే ఆసరా, ఆ చేతి విద్యను మరొకరికి నేర్పే తరగతి గది కాదు.

కాబట్టి కోరవలసినవి స్పష్టంగా కోరుదాం. పోటీలు తమ కొలమానాలను, ఒక్కొక్కదానికి ఎన్ని మార్కులో బహిరంగంగా ప్రకటించాలి. జానపదం పాడించినప్పుడు ఆ పాట పుట్టిన సంప్రదాయం తెలిసిన కళాకారుణ్ణి న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టి, అతని మార్కుకు సమాన విలువ ఇవ్వాలి. పాట ఏ సమూహానిదో, ఎవరి గొంతు నుంచి సేకరించారో తెరమీద రాయాలి, ప్రతిఫలంలో వారికి వాటా ఇవ్వాలి. ఆడిషన్లు పెద్ద నగరాలతో ఆగకుండా పిడుగురాళ్ళ, మార్కాపురం వంటి ఊళ్ళకు రావాలి, అదీ మిరప కోతల కాలంలో కాకుండా. ఒకరోజు కూలి వదులుకుంటే గాని బిడ్డను తీసుకురాలేని తల్లికి ఆ తేదీయే మొదటి వడపోత.

అన్నిటికంటే పెద్ద బాధ్యత ప్రభుత్వానిది. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ప్రతి పాఠశాలకూ ఒక సంగీత ఉపాధ్యాయుడు ఉండాలి. ఉన్నచోట ఆయన పని అతిథులకు స్వాగతగీతం నేర్పించడంతో ముగియకూడదు. శాస్త్రీయ సంగీతం నేర్పే గురువు పక్కనే వీరగాథ పాడే విద్యావంతుడికి, డప్పు కళాకారుడికి, బుడగజంగం గాయకుడికి కుర్చీ వేసి, జీతమివ్వాలి. డిగ్రీ లేదన్న సాకు వారికి వర్తించకూడదు. దళితవాడ పిల్ల ‘భాష’ను వత్తి పలకడం నేర్చుకోవాలి, అది ఆమె హక్కు. అగ్రహారం పిల్లవాడు పల్నాటి వీరగాథలో ఒక్క ఘట్టాన్నయినా తప్పు లేకుండా పాడటం నేర్చుకోవాలి, అది అతని బాధ్యత. రెండువైపులా నేర్చుకున్నవారు ఒకే వేదిక ఎక్కిన రోజున వేసే మార్కులను గొంతుకు వేసిన మార్కులని ఒప్పుకుందాం. అంతవరకు అవి ఇంటికి వేసిన మార్కులే.