సిగరెట్ దొరికే చోటల్లా మాన్పించే మందూ దొరకాలి

రాయదుర్గం పట్టణంలోనూ, గుమ్మఘట్ట, డి.హీరేహాళ్, కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లోనూ బీడీ, సిగరెట్ తాగే తండ్రులకు, వాళ్లతో వేగుతున్న తల్లులకు, జీన్స్ యూనిట్ల యజమానులకు, ప్రభుత్వాసుపత్రి అధికారులకు విన్నపం.

"సిగరెట్ మానేసినానప్పా, వేప్‌కి మారినా" అనే మాట మన కుట్టు షెడ్లలో ఈమధ్య వినబడుతోంది. బెంగళూరులో పనికి కుదిరిన తమ్ముడో, బళ్లారిలో ఉండే స్నేహితుడో తెచ్చిచ్చిన వస్తువది. వేలెడంత ఉంటుంది. ఒక చివర ఛార్జింగ్ పెట్టే రంధ్రం, ఇంకో చివర నోట్లో పెట్టుకునే మూతి. పీలిస్తే మామిడిపండు వాసనో, పుదీనా వాసనో వస్తుంది. "ఇంట్లో పసిబిడ్డ ఉంది, సిగరెట్ కంపు వద్దని మారినా" అంటాడు ఆ తండ్రి. ఆయన్ని తప్పుపట్టడానికి ఈ కరపత్రం వేయలేదు. బిడ్డ కోసం ఏదో ఒకటి చేయాలనుకున్నాడు. ఏం చేయాలో చెప్పేవాళ్లు దగ్గర్లో కనబడలేదు కాబట్టి దొంగచాటున దొరికిన దారి పట్టాడు. మా తగాదా ఆ తండ్రితో కాదు, దారి చూపించాల్సినవాళ్లతో.

ముందు చట్టం సంగతి తెలుసుకుందాం. 2019 సెప్టెంబర్ 18న కేంద్ర ప్రభుత్వం ఈ-సిగరెట్లను, అంటే ఈ వేప్‌లనే, ఆర్డినెన్స్‌తో నిషేధించింది. డిసెంబర్ కల్లా అది చట్టమైంది. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్లు, అయిదు లక్షలు. సరుకు నిల్వ పెట్టినా ఆరు నెలల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా. పీల్చేవాడికి మాత్రం ఆ చట్టం శిక్ష రాయలేదు. కానీ పీల్చేవాడు కొనేదంతా దొంగసరుకే. డబ్బా మీద నికోటిన్ ఇంత అని రాసి ఉన్నా ఆ అంకెకు పూచీ పడేవాడు లేడు. ఒంటికి పడకపోతే పోయి నిలదీయడానికి అంగడి లేదు, బిల్లు లేదు.

లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో ఉన్న మనవాళ్లు ఫోన్ చేసి "ఇక్కడ సర్కారే ఇస్తుంది" అంటే అది అబద్ధం కాదు. వేప్ హాని సిగరెట్ హానికన్నా దాదాపు 95 శాతం తక్కువని ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ 2015లో అంచనా వేసింది. ఆ అంకె మీద ఇప్పటికీ వాదనలున్నాయి. 2023లో అక్కడి ప్రభుత్వం పది లక్షలమంది పొగతాగేవాళ్లకు వేప్ కిట్లు ఇస్తామని పథకం ప్రకటించింది. నికోటిన్ చూయింగ్ గమ్‌తో, ఒంటికి అంటించుకునే ప్యాచ్‌తో మానేవాళ్ల కన్నా వేప్‌తో సిగరెట్ మానేవాళ్లు కొంత ఎక్కువేనని, వైద్య పరిశోధనలను వడబోసే కాక్రేన్ సంస్థ తేల్చింది. ఇవన్నీ దాచిపెట్టి "వేప్ తాగితే చస్తారు" అని బెదిరించే కాగితాలు చాలా చూశాం. చదివిన కుర్రాడు ఫోన్‌లో వెతుక్కుని అసలు సంగతి తెలుసుకుంటాడు. ఆ తర్వాత మనం నిజం చెప్పినా నమ్మడు.

అయితే ఇంగ్లండ్‌లో ఆ వస్తువుకు కొలత ఉంది. మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల నికోటిన్ మించకూడదు, ట్యాంకులో రెండు మిల్లీలీటర్లు మించకూడదు, ప్రతి రకాన్నీ ముందుగా ప్రభుత్వానికి తెలియజేయాలి. కిట్టుతో పాటు మాన్పించే సలహాదారు కూడా ఉంటారు. అంత కట్టుదిట్టంలోనూ పిల్లలు దానికి అలవాటు పడుతుంటే, ఒకసారి వాడి పారేసే రకాన్ని 2025 జూన్ 1 నుంచి అక్కడ నిషేధించాల్సి వచ్చింది. కొలత లేని సరుకు ఏం చేస్తుందో అమెరికా 2019లో చూసింది. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఊపిరితిత్తులు దెబ్బతిని ఆసుపత్రి పాలైతే, 68 మంది చనిపోయారు. ఎక్కువమందిలో కారణం మామూలు నికోటిన్ వేప్ కాదు. దొంగచాటుగా అమ్మిన గంజాయి నూనె గొట్టాల్లో కలిపిన విటమిన్ ఇ అసిటేట్. రాయదుర్గానికి జేబులో వచ్చే సరుకులో ఎవడు ఏం కలిపాడో చెప్పేదెవరు?

ఇక్కడ ఒక మాట కక్కకుండా ఉండలేం. ఎక్కువమందిని చంపే సిగరెట్ ప్రతి బంకులోనూ వేలాడుతుంటే, దానికన్నా తక్కువ హాని చేసేది నేరమైంది. నిషేధం ప్రకటించిన రోజే సిగరెట్ కంపెనీల షేర్లు పెరిగాయి. ఆ రోజు ఎవరు సంతోషించారో దాన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. అయినా నిషేధం ఎత్తేయమని మేం అడగడం లేదు. బడికి 100 గజాల్లోపు పొగాకు అమ్మకూడదు, 18 ఏళ్లు నిండనివాళ్లకు అసలు అమ్మకూడదు అని 2003 చట్టం చెప్తోంది. ఆ నియమం మన ఊళ్లో ఎంత నడుస్తోందో బడి వదిలే వేళ గేటు ముందు నిలబడి చూడండి. ఇదే అమలు కానిచోట మామిడిపండు వాసన వేసే నికోటిన్‌కు లైసెన్సులిస్తే ముందు కొనేది మన ఎనిమిదో తరగతి పిల్లలే.

అసలు మన ఊరి పొగ సిగరెట్ కూడా కాదు, బీడీ. 2016-17లో దేశమంతా జరిగిన వయోజన పొగాకు సర్వేలో బీడీ తాగేవాళ్లు 7.7 శాతం, సిగరెట్ తాగేవాళ్లు 4 శాతం. ఆకులో చుట్టిందే కదా, కాగితం లేదు కదా అని బీడీని తేలిగ్గా తీసుకుంటారు. బీడీ ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా, మాటిమాటికీ దమ్ము లాగాలి. అందుకే దాని నుంచి తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్ కన్నా ఎక్కువే లోపలికి పోతాయి. అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది. పొగ తాగే పెద్దవాళ్లు 10.7 శాతమైతే, తమ ఇంట్లో ఇంకొకరి పొగ పీల్చే పెద్దవాళ్లు 38.7 శాతం. పిల్లల్ని ఆ లెక్కలో చేర్చనే లేదు.

చేర్చాల్సిన పిల్లలు ఎక్కడున్నారో మనకు తెలుసు. జీన్స్ కుట్టే ఇల్లు ఒకే గది. ఒక మూల పొయ్యి, ఒక మూల మిషను, మధ్యలో కత్తిరించిన గుడ్డల కుప్ప. పీసు లెక్కన కూలి కాబట్టి తండ్రి మిషను వదిలి దూరం పోడు. గడప మీద కూర్చుని, జీన్స్ రంగంటి నీలమైన వేళ్ల మధ్య బీడీ ముట్టిస్తాడు. పొగ బయటికి పోతున్నట్టే కనిపిస్తుంది, సగం గుడ్డల్లోకి దిగుతుంది. ఆ కుప్ప మీదే బిడ్డను పడుకోబెడతారు. పొగ ఉన్న ఇంట్లో పెరిగే పసిపిల్లలకు న్యుమోనియా, చెవి పోటు, ఆయాసం ఎక్కువగా వస్తాయి. ఏడాది నిండని బిడ్డలు నిద్రలోనే చనిపోయే ప్రమాదం కూడా పెరుగుతుంది. "బయట తాగి వస్తున్నా కదా" అనే నాన్న, చొక్కా మార్చకుండా, చేతులు కడుక్కోకుండా బిడ్డను ఎత్తుకుంటే పొగ ఆయనతోనే లోపలికి వస్తుంది.

వేప్‌కి మారిన నాన్న ఇంట్లో ఈ పొగ తగ్గుతుంది, నిజమే. కానీ సిగరెట్ కంపు లేదన్న ధైర్యంతో గదిలోనే, బిడ్డ పక్కనే పీలుస్తాడు. వదిలిన ఆవిరిలో నికోటిన్, సన్నటి తుంపర ఉంటాయి. ఇంకా పెద్ద ప్రమాదం వేప్ లోపలుండే నికోటిన్ ద్రవంతోనే. చక్కెర వాసన వేసే ఆ నీళ్లు కాసిని మింగినా పసిబిడ్డకు వాంతులు, వణుకు, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. 2014లో అమెరికాలో ఒక పసివాడు ఇలాగే చనిపోయాడు. పాకే బిడ్డ చేతికి అందినదల్లా నోట్లో పెట్టుకుంటుందని తల్లులకు చెప్పక్కర్లేదు. ఇప్పటికే ఆ వస్తువు ఇంట్లో ఉంటే పైన అటక మీద, మూత పెట్టి దాచండి. బిడ్డ మింగిందని అనుమానమొస్తే వాంతి చేయించే ప్రయత్నాలు చేయకుండా 108కి ఫోన్ చేయండి.

మరి ఏం చేయాలి? మానాలన్న కోరిక లేక కాదు ఎవరూ మానంది. ఆ పొగాకు సర్వేలోనే పొగతాగేవాళ్లలో 55.4 శాతం మంది మానేయాలని అనుకుంటున్నట్టు చెప్పారు. సగం మందికి పైగా! ఏ సాయమూ లేకుండా పంతానికి మానేసినవాళ్లలో ఏడాది నిలబడేవాళ్లు నూటికి అయిదుగురికి మించరు. అది మనసు బలహీనత అనుకోకండి. దమ్ము లాగిన 20 సెకన్లలోపే నికోటిన్ మెదడుకు చేరుతుంది. అది ఆగిపోతే మొదటి మూడు రోజులు మనిషి చిన్నమాటకే కయ్యానికి కాలు దువ్వుతాడు, నిద్ర పట్టదు, చేతులు ఏదో వెతుక్కుంటాయి. రెండు మూడు వారాలకు చాలావరకు సర్దుకుంటుంది. ఆ వారాలు దాటించడానికే మందులున్నాయి. మానేవాళ్ల అవకాశాన్ని అవి దాదాపు ఒకటిన్నర రెట్లు చేస్తాయి.

వాటిలో సులువైంది నికోటిన్ చూయింగ్ గమ్. రెండు మిల్లీగ్రాములది డాక్టర్ చీటీ లేకుండానే మందుల షాపులో దొరుకుతుంది. నిద్ర లేచిన అరగంటలోపే బీడీ ముట్టించే మనిషికి నాలుగు మిల్లీగ్రాములది కావాలి, దానికి డాక్టర్‌ని అడగాలి. చాలామంది దీన్ని బబుల్‌గమ్‌లా గబగబా నమిలి, ఎక్కిళ్లొచ్చి, కడుపు మండి, "ఇదీ పనికిరాదు" అని పారేస్తారు. నమిలే పద్ధతి వేరు. మెల్లగా కొరుకుతూ పోతే నాలుకకు మిరియం ఘాటు తగులుతుంది. అప్పుడు నమలడం ఆపి బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ నాలుగుసార్లు నమిలి మళ్లీ పెట్టుకోవాలి. ఒక్కో గమ్ అరగంట వస్తుంది. ముందు పావుగంట, నోట్లో ఉన్నంతసేపు టీ, కాఫీ, కూల్‌డ్రింకులు వద్దు. టీతో పాటే బీడీ అలవాటైన మన షెడ్లలో ఈ ఒక్క నియమమే కష్టం. టీ ముందు తాగేసి, పావుగంట ఆగి గమ్ వేసుకోండి. మూడు నెలల్లో మెల్లమెల్లగా తగ్గించుకుంటూ ఆపేయాలి. గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌కి చెప్పే వాడాలి. గమ్ కూడా పిల్లలకు అందకూడదు.

చిక్కల్లా ధర దగ్గరే. బీడీకట్ట కన్నా గమ్ పట్టీ ఖరీదెక్కువ. రోజుకింత అని పీసు కూలి లెక్కపెట్టుకునే మనిషి ఏది కొంటాడో చెప్పనక్కర్లేదు. అందుకే ఇది సర్కారు ఉచితంగా ఇవ్వాల్సిన మందు అంటున్నాం. ఇది మా సొంత కోరికేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే దీన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది, మన దేశం 2022లో చేర్చింది. బీపీ, షుగర్ మాత్రలు కొనిచ్చే రాష్ట్ర వైద్య సేవల సంస్థ వీటినీ కొని రాయదుర్గం ప్రభుత్వాసుపత్రికి, మండలాల్లోని ఆరోగ్య కేంద్రాలకు పంపాలి. ఆసుపత్రిలో పొగాకు మాన్పించే గది ఏదో, ఏ రోజు ఎవరు కూర్చుంటారో ఓపీ చీటీలిచ్చే కిటికీ పక్కన తెలుగులో, కన్నడంలో బోర్డు పెట్టాలి. సరిహద్దు ఊరు మనది, రెండు భాషలవాళ్లూ వస్తారు. కూలి పోగొట్టుకోకుండా రావాలంటే వారంలో ఒక సాయంత్రమైనా ఆ గది తెరిచి ఉండాలి.

ఆశా అక్కలు 30 ఏళ్లు దాటినవాళ్ల ఇంటింటికీ తిరిగి నింపే ఫారంలో "పొగ తాగుతారా" అనే ప్రశ్న ఉంది. జవాబు రాసుకుని పోతారు. "అవును" అన్న మనిషికి ఆ పూటే ఒక గమ్ పట్టీ చేతిలో పెట్టి, ఆసుపత్రికి రమ్మని చీటీ రాసిస్తే ఆ ప్రశ్నకు ఒక అర్థం ఉంటుంది.

యజమానులారా, పని జరిగే చోట పొగ తాగకూడదన్నది 2008 అక్టోబర్ 2 నుంచి అమల్లో ఉన్న నియమం, 200 రూపాయల దాకా జరిమానా. దూది పొట్టు ఎగిరే షెడ్డులో నిప్పురవ్వ ఎంత నష్టం తెస్తుందో మీకు మేం చెప్పాలా? జరిమానా వేయండి అనడం లేదు. మానాలనుకున్న టైలర్‌కి మొదటి నెల గమ్ ఖర్చు మీరు పెట్టుకోండి. ఆ మొదటి మూడు రోజుల్లో పీసులు తగ్గితే కేకలేయకండి.

తల్లులారా, ఆయన మానేస్తానన్న వారం ఇంట్లో గొడవలు వాయిదా వేయండి. మళ్లీ ఒకటి ముట్టించినా "నీ వల్ల కాదులే" అనొద్దు. చాలామంది నాలుగైదుసార్లు పడిలేచాకే మానతారు.

వేప్‌కి మారిన తండ్రులకు ఆఖరుగా ఒక మాట. మళ్లీ సిగరెట్‌కి పోవద్దు. వేప్ నుంచి గమ్‌కి, గమ్ నుంచి ఏమీ లేకుండా ఉండటానికి రండి. సిగరెట్ పెట్టె మీద అచ్చయ్యే నంబర్ 1800-11-2356, డబ్బులు పడవు. తెలుగులో మాట్లాడేవాళ్లు కావాలని అడగండి. ఈసారి ప్రభుత్వాసుపత్రికి వెళ్లినప్పుడు "నికోటిన్ గమ్ ఉందా" అని అడగండి. లేదంటే ఆ మాటే ఓపీ చీటీ మీద రాయించుకుని దాచండి. ఆ చీటీలు పోగుచేసి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు అందరం కలిసి పోదాం. మీ చీటీ తెచ్చుకోవడం మరవకండి.