నెత్తురు గడ్డలు: ఎవరికి, ఎప్పుడు ముప్పు?

గాయమైతే నెత్తురు గడ్డకట్టాలి, లేకపోతే బతకం. అదే నెత్తురు గాయమేమీ లేకుండా రక్తనాళాల్లో గడ్డకడితే ప్రాణం మీదికి వస్తుంది. కొందరిలో రోగక్రిములతో పోరాడవలసిన యాంటీబాడీలు దారితప్పి సొంత శరీరం మీదే తిరగబడి ఈ గుణం తెచ్చిపెడతాయి. దీన్ని యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అంటారు. 1983లో లండన్‌లో డాక్టర్ గ్రాహం హ్యూస్ దీన్ని వివరించారు. లూపస్ రోగుల్లో ఎక్కువగా కనిపించినా, ఏ జబ్బూ లేనివారికీ రావచ్చు. కడుపు నిలవడం లేదని మా ఓ.పి.కి వచ్చే స్త్రీలలో కొందరికి అసలు కారణం ఇదే. పాపం, వాళ్ళను అప్పటికే ఎన్నో గుళ్ళు తిప్పి ఉంటారు.

యాంటీబాడీలు ఉన్నంత మాత్రాన గడ్డకట్టి తీరుతుందని కాదు. చాలాసార్లు మరొకటేదో తోడవుతుంది. ఆపరేషన్, రోజుల తరబడి మంచం పట్టడం, గర్భం, కాన్పు తరువాత ఆరు వారాలు, స్థూలకాయం, బి.పి., సిగరెట్లు. వీటికన్నా నన్ను కలవరపెట్టేది, పెళ్ళనో వ్రతమనో తిరుపతి ప్రయాణమనో బహిష్టు వాయిదా వేసుకోవడానికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే బిళ్ళలు. వాటిలో సాధారణంగా ఉండేది నోరెథిస్టిరోన్. ఆ మోతాదులో వాడినప్పుడు అందులో కొంత శరీరంలో ఈస్ట్రోజన్‌గా మారుతుంది. ఈస్ట్రోజన్ నెత్తురు గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. ఈస్ట్రోజన్ కలిసిన గర్భనిరోధక మాత్రలూ అంతే. ఆరోగ్యవంతులకు ముప్పు స్వల్పమే గాని, ఈ జబ్బున్నవారు వాటి జోలికి పోరాదు. స్వామి దర్శనం వచ్చే నెలలోనైనా దొరుకుతుంది.

జబ్బు నిర్ధారణకు మూడు రక్తపరీక్షలున్నాయి. ఒక్కసారి పాజిటివ్ వస్తే చాలదు, కనీసం 12 వారాలాగి మళ్ళీ చేయించాలి. ఏదో జ్వరం వచ్చినప్పుడు కూడా ఇవి కొన్నాళ్ళు కనిపించి పోతాయి. మూడూ పాజిటివ్ అయినవారికి ముప్పు మరీ ఎక్కువ.

ఒకసారి గడ్డకట్టినవారు సాధారణంగా జీవితాంతం వార్ఫరిన్ వాడాలి. ఐ.ఎన్.ఆర్. పరీక్ష చేయించుకుంటూ దాన్ని 2, 3 మధ్య ఉంచుకోవాలి. పన్ను పీకించుకోవడానికైనా సరే, డాక్టరునడగకుండా మందు ఆపకండి. బిడ్డ కావాలనుకునేవారు ముందుగానే చెప్పండి. వార్ఫరిన్ గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది కనుక బదులు హెపారిన్ ఇంజెక్షన్లు, చిన్న మోతాదులో ఆస్పిరిన్ ఇస్తాం. ఈ చికిత్సతో చాలామంది పండంటి బిడ్డల్ని ఎత్తుకున్నారు.

ఒక కాలు మాత్రమే వాచి పిక్క నొప్పి పెడితే నూనె రాసి మర్దనా చెయ్యకండి, గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. హఠాత్తుగా ఆయాసం వచ్చినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే పెద్దాస్పత్రికి వెళ్ళండి.