పియానో ముట్టుకోకుండా పియానో సాధన!

"వారానికి ఒక్క గంటే నాకు పియానో దొరుకుతుంది. వేళ్ళు పరిగెడుతున్నాయి గానీ భావం పలకడం లేదు. ఏం చెయ్యమంటారు?" అని అడిగాడో తమ్ముడు.

మన పాత సినిమా హీరోగారికి ఈ బాధే లేదు. సూటు తొడుక్కుని పార్టీలో పియానో ముందు కూర్చోవడమే తరువాయి, పాట వచ్చేసేది. ఆయన చూపు మీటల మీద ఉంటేగా!

అది సరేగానీ తమ్ముడూ, 2002లో వచ్చిన 'ది పియానిస్ట్' చూశావా? పోలండ్ రేడియోలో పియానో వాయించిన వ్లాదిస్లావ్ ష్పిల్‌మాన్ నిజజీవిత కథ అది. దర్శకుడు రోమన్ పొలాన్‌స్కీ. నాజీల కంటబడకుండా వార్సాలో దాక్కున్న గదిలో ఎదురుగా పియానో! చప్పుడైతే ప్రాణాలకే ముప్పు. మూత తీసి, మీటలకు తగలకుండా గాలిలో వేళ్ళు ఆడిస్తాడు. మనకు మాత్రం సంగీతమంతా వినబడుతుంది.

వట్టి సినిమా కల్పన అనుకునేవు. అలా దాక్కున్న రోజుల్లో, తనకు వచ్చిన రచనలన్నీ వరసగా మనసులోనే వాయించుకునేవాణ్ణని ఆయన తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. యుద్ధమయ్యాక చూసుకుంటే ఆ సాధన వృథా పోలేదట. 1944 నవంబరులో జర్మన్ అధికారి హోసెన్‌ఫెల్డ్‌కు దొరికిపోయాడు. వాయించమన్నాడు అధికారి. రెండున్నరేళ్ళుగా పియానో తాకని చేతులు, మట్టి పట్టి బిగుసుకుపోయిన వేళ్ళు, పెరిగిన గోళ్ళు. అయినా షోపాన్ నాక్టర్న్ ఒకటి వాయించాడు. (సినిమాలో షోపాన్‌దే వేరే రచన పెట్టారు.) అధికారి పట్టివ్వలేదు సరికదా, రొట్టె తెచ్చిపెట్టాడు.

చూశావా, మనసు మరిచిపోలేదు, శరీరమే మొరాయించింది. అంచేత రెంటికీ సాధన కావాలి.

మీట నొక్కగానే లోపల చిన్న సుత్తి ఎగిరి తీగను కొట్టి వెనక్కి వచ్చేస్తుంది. ఆ తర్వాత వీణ మీద లాగినట్టు ఆ స్వరాన్ని లాగుదామంటే కుదరదు, పెంచుదామన్నా పెరగదు. మీట ఎంత వేగంగా దిగితే అంత గట్టిగా మోగుతుంది, అంతే! కాబట్టి స్వరం ఎంత మెత్తగా రావాలో వేలు దిగకముందే నీ మనసుకు వినిపించాలి.

పల్లవి ఒక్కటే తీసుకో. ముందు కూనిరాగం తియ్యి. కళ్ళు మూసుకుని ఏ వేలు ఎక్కడ పడుతుందో చూడు. బస్సు కోసం నిలబడ్డప్పుడు కూడా చెయ్యొచ్చు, పైసా ఖర్చు లేదు. మనసు ఎక్కడ తడబడిందో చెయ్యీ అక్కడే తడబడుతుంది, గుర్తు పెట్టుకో. పియానో దొరికిన గంటలో నెమ్మదిగా వాయించు, ఎడమచెయ్యి విడిగా కూడా. భుజాలు చెవుల దాకా ఎక్కనివ్వకు. మణికట్టు వదులుగా ఉంచి చేతి బరువుని వేలి మీదికి జారనియ్యి. గాయకుడు ఊపిరి తీసుకునే చోట నువ్వూ తీసుకో. చాలామంది కష్టమైన చోట ఊపిరి బిగపడతారు, పాట కూడా అక్కడే బిగుసుకుంటుంది.

అన్నట్టు, ష్పిల్‌మాన్ వేషం కట్టిన ఏడ్రియన్ బ్రోడీ రోజుకు నాలుగేసి గంటలు సాధన చేశాడు. 2003లో ఆస్కార్ కొట్టేశాడు, 29 ఏళ్ళకే! సినిమాలో మనం వినే పియానో మాత్రం చాలావరకు యానుష్ ఒలెయ్‌నిచాక్ వాయించినది.

రెండు వారాలు చూసి మళ్ళీ ఉత్తరం రాయి. ఏ పాట పల్లవో కూడా రాయడం మరిచిపోకు.