ఉద్యోగం మారాక పశ్చాత్తాపమా?

మొన్న జుమా నమాజు ముగిశాక నా పాత విద్యార్థి ఒకడు మస్జిద్ మెట్ల దగ్గర ఆగి, "ఉస్తాద్, తప్పు చేశాను" అన్నాడు. కాటేదాన్ పారిశ్రామిక వాడలో ఒక ప్లాస్టిక్ కర్మాగారంలో నాలుగేళ్ల నాలుగు నెలలు మెషిన్ నడిపాడు. జీతం మూడు వేలు ఎక్కువని ఆ పని మానేసి, శంషాబాద్ విమానాశ్రయంలో ఒక కాంట్రాక్టరు దగ్గర సరుకు ఎక్కించి దించే పనిలో చేరాడు. ఇప్పుడన్నీ రాత్రి డ్యూటీలే. ఆరాంఘర్ చౌరస్తాలో బండి కోసం పడిగాపులు. పెరిగిన జీతంలో సగం రానూపోనూ ఖర్చులకే పోతోంది. అమ్మీతో కూర్చుని అన్నం తినే పూట కూడా దొరకడం లేదు. పైగా చెల్లెలి నికాహ్ దగ్గర పడుతోంది. "పాత సేఠ్ దగ్గరికి ఏ ముఖంతో వెళ్లను?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

ఇది అతనొక్కడి గోడు కాదు. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి మన బస్తీల కుర్రాళ్ల చూపు అటే ఉంది. దూరపు కొండలు నునుపు. అయినా ఆశపడటం తప్పు కాదు. ఇంటివాళ్ల కోసం నాలుగు రూపాయలు ఎక్కువ తేవాలనుకోవడం మంచి సంకల్పమే. చేరే ముందు నన్ను అడిగి ఉంటే నేనూ వెళ్లమనేవాణ్నేమో!

పాపం చేసినవాడు తౌబా చేసుకోవాలి. ఉద్యోగం మారడం పాపం కాదు, అంచనా తప్పడం. దానికి కావలసింది కన్నీళ్లు కాదు, కొత్త లెక్క. 'అలా చేయకుండా ఉంటే' అనే మాట షైతానుకు తలుపు తీస్తుందని మన పెద్దలు ఊరికే హెచ్చరించలేదు.

ఆ లెక్క ఎలా చూసుకోవాలి? సాధారణంగా ఒకే యజమాని దగ్గర అయిదేళ్లు ఎడతెగకుండా పనిచేసిన కార్మికుడికి ఏడాదికి పదిహేను రోజుల వేతనం చొప్పున గ్రాట్యుటీ వస్తుంది. ఎనిమిది నెలలు ఓపిక పట్టి ఉంటే అది మనవాడి చేతికి వచ్చేది. పోయింది పోయింది. ప్రావిడెంట్ ఫండ్ మాత్రం పోలేదు. నికాహ్ ఖర్చుకని దాన్ని తీసేయకుండా కొత్త ఉద్యోగానికి బదిలీ చేసుకుంటే పాత సర్వీసు కూడా కలుస్తుంది. మొత్తం పదేళ్లు నిండితే వృద్ధాప్యంలో పింఛనుకు అర్హత ఉంటుంది.

వెనక్కి వెళ్లడం కూడా కళ్లు తెరుచుకునే చేయాలి. 2020 మార్చిలో దేశీయ విమానాలు ఆగి, రెండు నెలలు నేల మీదే ఉన్న సంగతి మరవలేం. విమానాల మీద ఆధారపడిన పని నిలకడ అంతే. అయితే కాటేదాన్ శాశ్వతమా? ఔటర్ రింగ్ రోడ్డు లోపలి పాత పారిశ్రామిక వాడల భూములను ఇతర అవసరాలకు మార్చుకోనిచ్చే విధానాన్ని 2025 నవంబరులో ప్రభుత్వం ప్రకటించింది. ఆ వాడల్లో కాటేదాన్ కూడా ఉంది. కనుక సేఠ్‌ను అడగవలసిన మొదటి ప్రశ్న జీతం గురించి కాదు, కర్మాగారం ఇక్కడే ఉంటుందా అని.

ఇస్తిఖారా నమాజు చేశాననీ, కల రాలేదనీ అతనన్నాడు. కల రావాలన్న షరతు ఏదీ లేదు బేటా అని చెప్పాను. ఇస్తిఖారాతో పాటు మష్వరా కావాలి, విచారణ కావాలి. దుఆ చేసి చేతులు ముడుచుకోవడం తవక్కుల్ అనిపించుకోదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. "మేం అప్పుడే చెప్పాం" అని దెప్పిపొడవకండి. ఆ మాటకు భయపడే ఎంతో మంది పిల్లలు ఇష్టం లేని పనిలో నలిగిపోతున్నారు. పొద్దున దారి తప్పినవాడు సాయంత్రానికి ఇల్లు చేరితే అతణ్ని దారి తప్పినవాడనరని ఉర్దూలో ఒక సామెత ఉంది.

వచ్చే వారం సెలవు రోజున సేఠ్‌ను కలుస్తానని మాటిచ్చాడు. అక్కడ ఖాయమయ్యే వరకు ఇక్కడ రాజీనామా ఇవ్వవద్దన్నాను. సేఠ్ కాదంటే పగటి డ్యూటీ అడగమన్నాను, సరుకు మోయడంతో ఆగక ఫోర్క్‌లిఫ్ట్ నడపడం నేర్చుకోమన్నాను. చేతిలో పని ఉన్నవాడికి ఒక వాకిలి మూసుకుపోయినా మరో వాకిలి ఉంటుంది.

అల్లాహ్ మన పిల్లలకు హలాల్ సంపాదననూ, దాన్ని ఇంటివారితో కలిసి తినే తీరికనూ ప్రసాదించుగాక! ఆమీన్.