పదిహేనేళ్ళ రాజ్యం - ఒక కొలతాడు

బి.యస్సీ. చదివేవాడికి చరిత్రతో ఏం పని అని మిత్రులు అడుగుతుంటారు. చేలో పుట్టి పెరిగినవాణ్ణి గనుక నాకు మాత్రం ఒక రాజుతో పని ఉంది. ఆయన షేర్షా సూరీ.

మొగలాయీల పాఠంలో బాబరుకూ అక్బరుకూ నడుమ షేర్షాను నాలుగు మాటల్లో ముగించేస్తాం. ఆయన స్థాపించిన సూర్ వంశం ఢిల్లీలో నిలిచింది పదిహేనేళ్ళే కదా అని తీసిపారేస్తాం. రాజ్యం విలువను ఏళ్ళతో కొలవడం సబబేనా? కాదని నా అభిప్రాయం.

ఆయన అసలు పేరు ఫరీద్. బీహారులోని ససరాం జాగీర్దారు హసన్ ఖాన్ కొడుకు. జౌన్‌పూరులో చదువుకుని, తండ్రి జాగీరు చూసుకునే రోజుల్లోనే రైతు కష్టమేమిటో, మధ్యవాళ్ళు అతణ్ణి ఎట్లా నంజుకు తింటారో తెలుసుకున్నాడు. 1539లో చౌసా దగ్గర, 1540లో కనౌజ్ దగ్గర హుమాయూన్‌ను ఓడించి గద్దెనెక్కాడు. ఏలింది ఐదేళ్ళు. 1545 మేలో కాలింజర్ కోట ముట్టడిలో మందుగుండు పేలి చనిపోయాడు.

ఆ ఐదేళ్ళలోనే బాటలు, సరాయిలు, వెండి రూపాయి. నేటి మన రూపాయి పేరు ఆ నాణెం నుంచి వచ్చిందే. అయితే నన్ను ఆకట్టుకున్నది ఆయన కొలతాడు. పొలాలు తాడుతో కొలిపించాడు. మంచి, నడిమి, నాసి నేలల దిగుబడికి సగటు కట్టి, అందులో మూడోవంతు శిస్తు అన్నాడు. రైతు ఎంత కట్టాలో పట్టాలో రాసిచ్చి, ఒప్పుదలగా కబూలియత్ రాయించుకున్నాడు. అంకె కాగితం మీదికెక్కితే, నోటిమాటతో గుంజుకునేవాడికి చెయ్యాడదు. దండు నడిచేటప్పుడు పైరు పాడుచేసినవాణ్ణి శిక్షించేవాడని కూడా అబ్బాస్ ఖాన్ సర్వానీ రాశాడు.

అయితే లెక్కలు చదివేవాడిగా నాకు ఇక్కడే ఒక పేచీ ఉంది. షేర్షా పద్ధతికి ఉదాహరణగా 'ఐన్-ఇ-అక్బరీ'లో గోధుమ అంకెలున్నాయి. ఉత్తరాది మణుగుకు 40 సేర్లు. బిఘాకు మంచి నేలలో 18 మణుగులు, నడిమి నేలలో 12, నాసి నేలలో 8 మణుగుల 35 సేర్లు. సగటులో మూడోవంతు 4 మణుగుల 12¾ సేర్లు. మంచి నేల రైతుకు ఇది తన పంటలో పావు వంతు. నాసి నేల రైతుకు? దాదాపు సగం! సగటు చూడ్డానికి ధర్మంగానే ఉంటుంది. కాలువ కింది మాగాణినీ, వానకోసం ఆకాశంకేసి చూసే మా మెట్ట చేనునూ ఒకే కాటాలో తూస్తే విరిగేది ఎవరి నడుమో వేరే చెప్పాలా?

రాజ్యం కూలింది మాత్రం దీనివల్ల కాదు. షేర్షా కొడుకు ఇస్లాం షా ఆఫ్ఘన్ సర్దార్లను గట్టిగా అణిచిపెట్టి ఏలాడు. ఆయన పోగానే, పసివాడైన ఫిరోజ్‌ను సొంత మేనమామే చంపి ఆదిల్ షా అయ్యాడు. ఇబ్రహీం ఒకవైపు, సికందర్ ఒకవైపు తామే సుల్తానులమన్నారు. ఇంట్లోవాళ్ళు కొట్టుకుంటుంటే 1555లో హుమాయూన్ తిరిగొచ్చి ఢిల్లీ పట్టుకున్నాడు. 1556లో ఆదిల్ షా సేనాని హేమూ పానిపట్టులో ఓడిపోయాడు. పొలానికి పద్ధతి పెట్టిన షేర్షా, తన తర్వాత గద్దె ఎవరిదనేదానికి నిలిచే పద్ధతి పెట్టలేకపోయాడు.

గద్దె పోయినా కొలత పోలేదు. అక్బరు దాన్నే తీసుకున్నాడు. అంతటా ఒకే రేటు పనికిరాదని గ్రహించి, 1580లో ప్రాంతాల వారీగా పదేళ్ళ సగటు పద్ధతి తెచ్చాడు. శత్రువు కూడా వదులుకోలేని పని చేసిన రాజ్యాన్ని అల్పమనగలమా?

మిత్రులారా! రేపు మనలో కొందరు ఆఫీసర్లవుతారు, కొందరు లెక్కలు కట్టేవాళ్ళవుతారు. షేర్షాలా పొలందాకా వెళ్ళి కొలవండి. రైతు చేతికి కాగితం ఇవ్వండి. కానీ సగటు రాసి సంతకం పెట్టేముందు, ఆ పట్టికలో అన్నిటికన్నా అడుగున ఉన్న అంకెను ఒక్కసారి చూడండి. ఆ అంకె వెనకాల కూడా ఒక రైతు కుటుంబం ఉంది.