జబ్బు జిలేబిదా, నీళ్లదా?

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్తే చెల్లి నన్ను బ్యాగు కూడా దించనివ్వలేదు. "అన్నయ్యా, జిలేబి తినట్లేదు, చూడు" అంటూ అక్వేరియం దగ్గరికి లాక్కెళ్లింది. జిలేబి మా గోల్డ్ ఫిష్. పోయిన మే నెలలో చెల్లి పుట్టినరోజుకి నేనే కొనిచ్చాను. ఇప్పుడు పొట్ట నిమ్మకాయలా ఉబ్బింది. పొలుసులన్నీ అనాస తొక్కలా పైకి లేచాయి. ఓ మూలన, అడుగున ఆగిపోయి మొప్పలు ఎగరేస్తోంది.

"చేపే కదరా, ఇంకోటి తెద్దాం" అన్నారు నాన్న. షాపతను ఓ నీలం మందు సీసా చేతిలో పెట్టి, "ఏ జబ్బుకైనా ఇదే తమ్ముడూ" అన్నాడు. అమ్మోనియా టెస్ట్ కిట్ ఉందా అని అడిగితే నవ్వాడు. "50 రూపాయల చేపకి 400 రూపాయల కిట్టా?"

ఆ ప్రశ్నకి అక్కడ జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్తాను.

జిలేబికి వచ్చినదాన్ని డ్రాప్సీ అంటారు. నిజానికి అది ఒక రోగం పేరు కాదు, లోపలి రోగం బయటపడే తీరు. ఇంటర్‌లో ఆస్మాసిస్ బట్టీ పట్టాం కదా, ఇక్కడ కథ అదే. మంచినీటి చేప ఒంట్లో చుట్టూ ఉన్న నీళ్లకంటే ఉప్పు ఎక్కువ. అందుకని మొప్పల గుండా నీళ్లు లోపలికి వస్తూనే ఉంటాయి. కిడ్నీలు వాటిని ఎప్పటికప్పుడు బయటికి తోడెయ్యాలి. అవి చేతులెత్తేస్తే ఆ నీళ్లు ఒంట్లోనే నిలిచిపోతాయి. పొలుసులు లేచాయంటే అప్పటికే బాగా ఆలస్యమైనట్టు.

మరి అంతదాకా ఎందుకొచ్చింది? చేప మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతుంది. ఫిల్టర్ స్పాంజిలో ఉండే మంచి బాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత హాని చెయ్యని నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ బాక్టీరియా పోతే చేప తన విషంలో తనే ఈదాలి. ఒంట్లో సత్తువ తగ్గి, మామూలుగా తట్టుకోగలిగే రోగాలకి కూడా లొంగిపోతుంది.

మా ఇంట్లో జరిగిందేంటంటే, మోటారు చప్పుడుకి నానమ్మకి నిద్ర పట్టదని రాత్రిళ్లు ఫిల్టర్ ఆపేసేవాళ్లు. ప్రతి ఆదివారం నీళ్లన్నీ పారబోసి కుళాయి నీళ్లు నింపేవాళ్లు. అదే క్లోరిన్ నీళ్ల కింద స్పాంజిని తెల్లబడేదాకా పిండేవాళ్లు. ఇదంతా నేర్పింది నేనే. 30 లీటర్ల తొట్టిలో 4 గోల్డ్ ఫిష్‌లు వేసిందీ నేనే. కాలేజీలో నీటి నాణ్యత కొలిచే సెన్సార్ మీద మినీ ప్రాజెక్టు చేసి మార్కులు కొట్టేసినవాణ్ణి, ఇంట్లో నీళ్లు ఒక్కసారి కూడా కొలవలేదు.

కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. పసుపు రావాల్సిన చోట ముదురు ఆకుపచ్చ వచ్చింది.

జిలేబిని వేరే టబ్బులోకి మార్చాం. ఎయిర్ పంపు పెట్టాం, ఎప్సమ్ సాల్ట్ వేశాం, రోజూ కాసిన్ని నీళ్లు మార్చాం. ఫోన్ చేసిన పశువుల ఆసుపత్రిలో "చేపల్ని చూడం" అన్నారు. నాలుగో రోజుకి పక్కకి ఒరిగిపోయింది.

"ఫ్లష్ చేసెయ్" అన్నాడో ఫ్రెండు. "కాలవలో వదిలెయ్, పుణ్యం" అంది పక్కింటి ఆంటీ. మురుగులో వేస్తే ఇంకా నరకం. కాలవలో వదిలితే దాని రోగాన్నీ వదిలినట్టే. అక్వేరియంల నుంచి బయటపడ్డ సక్కర్ చేపలే ఇవాళ మన చెరువుల్లో దెయ్యం చేపలై జాలర్ల వలలు చింపుతున్నాయి.

చివరికి పంటినొప్పికి వాడే లవంగ నూనె తెచ్చాను. గోరువెచ్చటి నీళ్లలో బాగా గిలక్కొట్టి, కొద్దికొద్దిగా పోశాను. ముందు మత్తు, తర్వాత నిద్ర. "పడుకుందా?" అంది చెల్లి. "ఊఁ" అన్నాను. మొప్పలు ఆగాక కూడా అరగంట కదపలేదు. పెరట్లో కరివేపాకు చెట్టు కింద పూడ్చాం.

చేపల పులుసు లాగించేవాడికి ఈ చాదస్తమేంటని మీరు అడగొచ్చు. పులుసు నేనూ తింటాను. కానీ ఏట్లో చేపకి నీళ్లు పాడైతే ఇంకోవైపు ఈదిపోయే దారన్నా ఉంటుంది. తొట్టిలో చేపకి నాలుగువైపులా అద్దం పెట్టింది మనం. కాబట్టి ఆ నీళ్ల పూచీ మనదే. బతికించలేనప్పుడు బాధ లేకుండా పంపే పూచీ కూడా మనదే.

సరిగ్గా చూసుకుంటే గోల్డ్ ఫిష్ 10 ఏళ్లు దాటి బతుకుతుంది. మా జిలేబి 8 నెలలు. ఆ తేడాకి 400 ఎక్కువ కాదు.

మిగిలిన మూడింట్లో రెండింటిని పెద్ద తొట్టి ఉన్న ఫ్రెండుకిచ్చాను. ఇప్పుడు మా ఇంట్లో వారానికి పావు వంతు నీళ్లే మారుస్తున్నారు, స్పాంజిని ఆ తీసిన నీళ్లలోనే జాడిస్తున్నారు. ఫిల్టర్ రాత్రంతా నడుస్తోంది. నానమ్మ మంచం వెనక గదిలోకి మారింది. ప్రతి ఆదివారం చెల్లి టెస్ట్ ట్యూబు ఫొటో వాట్సాప్‌లో పంపుతుంది, కింద ఒకే మాట: "పసుపే."